వాట్సాప్ బిజినెస్, గూగుల్ కాంటాక్ట్స్ జోడీ: చీరల దుకాణానికి ఎంతవరకు సరిపోతుంది?

చీరల దుకాణం పెట్టినవాళ్లు, ఇంటి నుంచే చేనేత అమ్మేవాళ్లు తరచూ రెండు విషయాలు అడుగుతుంటారు. కస్టమర్ల నంబర్లు దాచుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? ఇన్‌స్టాగ్రామ్‌లో ఎలా మొదలుపెట్టాలి? ఈ రెండూ ఒకదాన్ని విడిచి ఒకటి ఉండవు. రీల్‌ను పదివేల మంది చూసినా, వాళ్లలో ఒక్కరి నంబరూ మీ దగ్గర లేకపోతే శ్రావణమాసం స్టాకు దిగిన రోజున ఎవరికి కబురు పెడతారు? సోషల్ మీడియా జనాన్ని గుమ్మం దాకా తెస్తుంది. ఆ వచ్చిన మనిషి ఎవరో, ఏ ఊరో, ఏం కొన్నారో రాసిపెట్టుకునే చోటు మాత్రం మీ చేతిలో ఉండాలి.

అందుకే ఈ సమీక్షకు డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు. దాదాపు ప్రతి చిన్న దుకాణం ఫోన్లోనూ ఉండే, పూర్తిగా ఎవరూ వాడని రెండు ఉచిత సాధనాలను తీసుకున్నాం. ఒకటి వాట్సాప్ బిజినెస్ యాప్, రెండోది గూగుల్ కాంటాక్ట్స్. తీర్పు ముందే చెప్పేస్తాం. ఒకరిద్దరు నడిపే, వెయ్యీ పదిహేను వందల మంది కస్టమర్లున్న దుకాణానికి ఈ జోడీ చాలు. మాట్లాడటానికి వాట్సాప్ బిజినెస్ చాలా బాగుంటుంది, గుర్తుపెట్టుకోవడంలో బలహీనం. ఆ లోటు గూగుల్ కాంటాక్ట్స్, పక్కన ఒక గూగుల్ షీట్ తీరుస్తాయి. వీటిని ఏ వరసలో అమర్చుకోవాలన్నదే అసలు పని, తప్పులు జరిగేది కూడా అక్కడే.

ముందు ఫోన్ బుక్

దుకాణం కోసం విడిగా ఒక జీమెయిల్ ఖాతా తెరవండి. సొంత జీమెయిల్‌లో కస్టమర్ల నంబర్లు కలిపితే మేనమామ నంబరు, మగ్గం మేస్త్రి నంబరు, కస్టమర్ నంబరు ఒకే కుప్పలో పడతాయి. రేపు దుకాణం ఫోన్ వేరేవాళ్లకు ఇవ్వాల్సి వస్తే మీ చుట్టాల నంబర్లన్నీ వాళ్ల చేతికి వెళ్తాయి. ఖాతా తెరిచాక ఫోన్లోని కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌కు వెళ్లి, కొత్త నంబర్లు సేవ్ అయ్యే చోటుగా ఈ జీమెయిల్‌ను ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో ఇది ముందునుంచీ 'ఫోన్' అనో 'సిమ్' అనో ఉంటుంది. సిమ్‌లో సేవ్ చేస్తే పేరు, నంబరు తప్ప ఊరూ వివరాలూ పట్టవు. ఫోన్ పోయిందా, నంబర్లూ పోయినట్టే. గూగుల్ ఖాతాలో 25,000 కాంటాక్టులు పడతాయి. పొరపాటున చెరిపినవి 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. కంప్యూటర్లో తెరిస్తే మొత్తం పుస్తకాన్నే 30 రోజుల లోపు ఏ నాటి స్థితికైనా వెనక్కి తిప్పవచ్చు. కౌంటర్లో పనిచేసే అమ్మాయి పొరపాటున రెండొందల నంబర్లు తుడిచేసినా భయపడక్కర్లేదు.

దుకాణం సిమ్ యజమాని పేరు మీదే ఉండాలి. సిబ్బంది పేరు మీద సిమ్ తీసుకుని అదే నంబరు బోర్డు మీద రాయించిన దుకాణాలు చాలా ఉన్నాయి. ఆ మనిషి మానేసిన రోజున నంబరూ, దానితో ఏళ్ల పరిచయాలూ వెళ్లిపోతాయి.

ప్రతి నంబరును దేశం కోడ్‌తో, ఇక్కడి నంబరైతే +91తో సేవ్ చేయండి. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు చీరలు పంపే దుకాణానికి ఇది మరీ ముఖ్యం. అమెరికా నంబరులో కూడా 10 అంకెలే ఉంటాయి. ముందు +1 లేకుండా సేవ్ చేస్తే ఫోన్ దాన్ని ఇక్కడి నంబరు అనుకుంటుంది. డల్లాస్‌లో ఉన్నావిడకు పంపిన చీర ఫొటో ఇక్కడే ఎవరో అపరిచితుడికి చేరే ప్రమాదం ఉంది. ఒకే నంబరు ముందు సున్నాతో ఒకసారి, సున్నా లేకుండా ఒకసారి, +91తో ఇంకోసారి ఉంటే గూగుల్ కాంటాక్ట్స్‌లోని 'మెర్జ్ అండ్ ఫిక్స్' నొక్కండి, జంటలను చూపిస్తుంది. అన్నిటినీ ఒక్కసారిగా కలిపేయకుండా ఒక్కోటి చూసి కలపండి. ఒకే పేరుతో ఇద్దరు వేర్వేరు మనుషులుండటం మన దగ్గర మామూలే.

పేర్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఏ దుకాణం ఫోన్లో చూసినా 'లక్ష్మి', 'లక్ష్మి 2', 'లక్ష్మి కొత్త', 'లక్ష్మి చీర' కనిపిస్తాయి. ఆర్నెల్ల తర్వాత ఎవరు ఎవరో ఎవరికీ తెలియదు. పేరు, ఊరు లేదా పేట, వాళ్లు కొనే రకం, ఈ మూడూ పేరు గడిలోనే రాయండి. 'సునీత బ్రాడీపేట మంగళగిరి' అన్నట్టుగా. మిగతా వివరాలు నోట్స్‌లో పెట్టుకోవచ్చు గానీ చాట్ తెరిచినప్పుడు పైన కనిపించేది పేరు ఒక్కటే, కాబట్టి అవసరమైనది అక్కడే ఉండాలి. లిపి కూడా ఒక్కటే పెట్టుకోండి. సగం పేర్లు తెలుగులో, సగం ఇంగ్లిషులో ఉంటే వెతికినప్పుడు సగం మందే దొరుకుతారు.

పాత బిల్లు పుస్తకాల నుంచి, ఎక్సెల్ ఫైలు నుంచి నంబర్లు ఎక్కించేటప్పుడు రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది, ఎక్సెల్‌లో 91తో కలిపి 12 అంకెలు కొడితే దాన్ని పెద్ద సంఖ్యగా భావించి 9.19తో మొదలయ్యే కుదించిన రూపంలో చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీ ఫైలుగా (గూగుల్ కాంటాక్ట్స్‌లోకి ఎక్కించడానికి వాడే సాదా పట్టిక ఫైలు) సేవ్ చేస్తే చివరి అంకెలు శాశ్వతంగా పోతాయి. ముందు ప్లస్ గుర్తు పెట్టినా తీసేస్తుంది. నంబర్లు అతికించకముందే ఆ నిలువు వరస మొత్తాన్ని ఎంచుకుని 'ఫార్మాట్ సెల్స్'లో 'టెక్స్ట్'గా మార్చండి, ఆ తర్వాతే అతికించండి. రెండోది, మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్న రకాన్నే ఎంచుకోవాలి. గూగుల్ షీట్‌లో పని చేస్తే ఈ రెండో ఇబ్బంది రాదు. అక్కడ కూడా నంబర్ల వరసను 'ప్లెయిన్ టెక్స్ట్' చేసుకోవాల్సిందే.

ఒక విడతలో 3,000 కాంటాక్టుల దాకా ఎక్కించవచ్చు. మొదట ఐదు పేర్లున్న చిన్న ఫైలు ఎక్కించి, ఫోన్లో అవి ఎలా కనిపిస్తున్నాయో చూసుకున్నాకే మిగతావి ఎక్కించండి. ఎక్కించిన ప్రతి విడతకూ గూగుల్ తనంతట తానే ఆ రోజు తేదీతో ఒక లేబుల్ వేస్తుంది. తేడా వస్తే ఆ లేబుల్ కింద ఉన్నవన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

యాప్ ఎలా ఉంది

వాట్సాప్ బిజినెస్ 2018 జనవరిలో వచ్చింది, ఇప్పటికీ ఉచితం. ఒక నంబరు మీద మామూలు వాట్సాప్, బిజినెస్ యాప్ రెండూ నడవవు, ఏదో ఒకటే. దుకాణంలో ల్యాండ్‌లైన్ ఉంటే దానితోనే ఖాతా తెరవవచ్చు. కోడ్ ఎస్ఎంఎస్‌గా కాకుండా 'కాల్ మీ' ఎంచుకుంటే ఫోన్ మోగి కోడ్ వినిపిస్తుంది. ఏళ్ల తరబడి అందరికీ తెలిసిన ల్యాండ్‌లైన్ నంబరున్న పాత దుకాణాలకు ఇది పెద్ద సౌకర్యం. ఖాతా తెరిచిన వెంటనే 'టూ స్టెప్ వెరిఫికేషన్'లో ఆరంకెల పిన్ పెట్టండి. ఓటీపీ అడిగి ఖాతా లాగేసుకునే మోసాల నుంచి కాపాడేది అదే.

ప్రొఫైల్‌లో చిరునామా, పని వేళలు, సెలవు రోజు నింపడానికి పది నిమిషాలు చాలు. కేటలాగ్ దగ్గర కాస్త ఆగాలి. అందులో 500 వస్తువుల దాకా పెట్టవచ్చు, ఒక్కోదానికి 10 ఫొటోలు. రెడీమేడ్ దుస్తులకు, పచ్చళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. చేనేత పట్టుచీరలకు అంతగా నప్పదు, ఎందుకంటే ఒక్కో చీర ఒక్కటే పీసు. పొద్దున పెట్టింది సాయంత్రానికి అమ్ముడైతే కేటలాగ్‌లో అలాగే ఉండిపోతుంది, తర్వాత అడిగిన ప్రతివాళ్లకూ 'అయిపోయిందండి' అని చెప్పుకోవాలి. పైగా కొత్తగా పెట్టిన వస్తువు వాట్సాప్ పరిశీలన పూర్తయ్యే దాకా కస్టమర్లకు కనిపించదు. మా సలహా ఏమిటంటే, మళ్లీ మళ్లీ నేయించే రకాలను మాత్రమే కేటలాగ్‌లో పెట్టండి. మంగళగిరి కాటన్, నిజాం బోర్డర్, పోచంపల్లి డ్రెస్ మెటీరియల్, ఇలా రకానికొక్కటి, ధర 'ఇంత నుంచి' అని వివరణలో రాసి. ఒక్క పీసు చీరలను స్టేటస్‌లో పెట్టండి, 24 గంటల్లో అదే మాయమవుతుంది. ప్రతి ఫొటో మీదా 'మం-114' లాంటి కోడ్ రాసి, అదే కోడ్ చీర ట్యాగ్ మీద కూడా వేయండి. 'ఆ ఆకుపచ్చ చీర' అని ఎవరైనా అడిగితే ఏ ఆకుపచ్చో కనుక్కోవడానికే అరగంట పడుతుంది.

లేబుళ్లు ఈ యాప్‌లో అన్నిటికన్నా ఉపయోగపడేవి, అంతే ఎక్కువగా పాడుచేసుకునేవి కూడా. మొత్తం 20 పెట్టుకోవచ్చు. 'మంచి కస్టమర్', 'బేరం ఆడతారు', 'గుంటూరు', 'పట్టు ఇష్టం' అని ఒక్కొక్కరికి నాలుగేసి అతికిస్తూ పోతే నెలలో 20 నిండిపోతాయి, పని మాత్రం తేలదు. మారే స్థితికి వాట్సాప్ లేబుల్, మారని గుణానికి గూగుల్ కాంటాక్ట్స్ లేబుల్ వాడండి. అంటే వాట్సాప్‌లో 'ధర అడిగారు', 'అడ్వాన్స్ రావాలి', 'ఫాల్ పీకోకు ఇచ్చాం', 'కొరియర్ పంపాలి', 'చేరిందో లేదో అడగాలి'. ఈ ఐదు చాలు. పని ముందుకు జరగగానే పాత లేబుల్ తీసి కొత్తది వేయాలి. రాత్రి షట్టర్ దించే ముందు 'అడ్వాన్స్ రావాలి' తెరిచి చూస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిపోతుంది. ఊరు, ఇష్టపడే రకం, హోల్‌సేలా రిటైలా అన్నవి గూగుల్ లేబుళ్లకు వదిలేయండి.

అసలు లోటు ఇక్కడే ఉంది. లేబుల్‌కు తేదీ ఉండదు. 'పది రోజుల తర్వాత అడగండి, జీతం వస్తుంది' అన్న మాటను లేబుల్ గుర్తుపెట్టుకోదు. లేబుల్ కింద ఉన్నవాళ్ల జాబితాను ఫైలుగా బయటికి తీసే దారీ లేదు. అందుకే పక్కన గూగుల్ షీట్ కావాలి. అందులో ఎనిమిది గడులు చాలు: పేరు, నంబరు, ఊరు, చివరగా ఏం కొన్నారు, ఏ తేదీన, మన దగ్గరికి ఎలా వచ్చారు, మెసేజీలకు సరేనన్నారా, మళ్లీ ఎప్పుడు పలకరించాలి. ఆఖరి గడిని తేదీల వరసలో పేర్చి పెట్టుకుంటే ఆ రోజు చేయాల్సిన ఫోన్లు పైనే కనిపిస్తాయి. 'ఎలా వచ్చారు' అన్న గడి నింపకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. ప్రచారం మీద పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పేది మాత్రం అదొక్కటే.

క్విక్ రిప్లైలు 50 దాకా దాచుకోవచ్చు. స్లాష్ గుర్తు కొట్టి చిన్న పేరు కొడితే పూర్తి మెసేజీ వస్తుంది. దుకాణం దారి, యూపీఐ వివరాలు, కొరియర్ ఖర్చు, మార్పిడి నియమం, ఈ నాలుగూ మొదటి రోజే రాసిపెట్టుకోండి. గ్రీటింగ్ మెసేజ్ కొత్తగా రాసినవాళ్లకు, 14 రోజులుగా మాట లేనివాళ్లకు దానంతటదే వెళ్తుంది. అందులో 'మీ మెసేజ్ మాకు ఎంతో విలువైనది' లాంటివి రాయకుండా ఉపయోగపడేది అడగండి: 'నమస్తే అండి. ఏ రకం చీర చూస్తున్నారు, ఎంతలో అనుకుంటున్నారు, ఎప్పటికి కావాలి?' వచ్చే జవాబుతోనే సగం బేరం ముందుకు వెళ్తుంది.

ప్రధాన ఫోన్ కాక మరో నాలుగు పరికరాలు జోడించవచ్చు, కాబట్టి కౌంటర్లోని కంప్యూటర్, ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్ రెండూ పనిచేస్తాయి. ప్రధాన ఫోన్‌ను 14 రోజులు అసలు వాడకపోతే మిగతావన్నీ తెగిపోతాయి. బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో పడుతుంది. ఆండ్రాయిడ్‌లో అది ఇప్పుడు ఉచిత 15 జీబీ లెక్కలోకే వస్తుంది. రోజుకు వంద చీర వీడియోలు తిరిగే ఫోన్లో అది ఇట్టే నిండి, బ్యాకప్ చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. బ్యాకప్ సెట్టింగ్స్‌లో వీడియోలను వదిలేసి, నెలకోసారి చివరి బ్యాకప్ తేదీ చూసుకోండి.

కబురు పెట్టే పద్ధతి

ఒకే మెసేజీని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది పడతారు. ఎవరి ఫోన్లో మీ నంబరు సేవ్ అయి ఉందో వాళ్లకే మెసేజీ చేరుతుంది. 'మూడొందల మందికి పంపాం, పదిమంది కూడా పలకలేదు' అన్న మాట వెనక దాదాపు ఎప్పుడూ ఉండే కారణం ఇదే. పంపిన మెసేజీని నొక్కిపట్టి 'ఇన్ఫో' తెరిస్తే ఎవరికి చేరింది, ఎవరు చదివారు అన్న జాబితా వస్తుంది. వరసగా మూడు మెసేజీలు చేరనివాళ్లు మీ నంబరు సేవ్ చేసుకోలేదని, లేదా నంబరు మార్చారని అనుకోవచ్చు. వాళ్లను లిస్టు నుంచి తీసి, వీలైతే ఒకసారి ఫోన్ చేయండి.

నంబరు సేవ్ చేయించడానికి సరైన సమయం బిల్లు కొట్టేటప్పుడు. కౌంటర్ మీద మీ వాట్సాప్ క్యూఆర్ పెట్టి, 'దీన్ని స్కాన్ చేసి ఒక్క మెసేజ్ పెట్టండి, మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్త స్టాకు వస్తే చెప్తాం' అని నోటితో అడగాలి. కస్టమరే ముందు రాశారు కాబట్టి వాళ్ల ఇష్టం కూడా అందులోనే ఉంటుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కోరేది కూడా ఇదే: ఏ పనికి నంబరు తీసుకుంటున్నారో చెప్పి, వాళ్లు సరేనన్నాకే, ఆ పనికే వాడటం.

గ్రూపు మాత్రం పెట్టొద్దు. ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. గ్రూపులో చేరిన ప్రతివాళ్లూ మిగతా అందరి నంబర్లూ చూడగలరు. చీరల దుకాణం కస్టమర్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మిమ్మల్ని నమ్మి ఇచ్చిన నంబరు రెండొందల మంది అపరిచితుల చేతికి వెళ్తుంది. ఆ తర్వాత వాళ్లకు వచ్చే పిచ్చి కాల్స్‌కు దారి తెరిచింది మీ దుకాణమే అవుతుంది. కస్టమర్ చీర కట్టుకుని పంపిన ఫొటోను స్టేటస్‌లో పెట్టే ముందు కూడా అడగాలి.

మెసేజీ ఎలా ఉండాలో ఒకటి చూడండి:

'నమస్తే అండి. శ్రావణమాసానికి మంగళగిరి పట్టు 12 రంగుల్లో వచ్చింది. 4,200 నుంచి 5,600 దాకా. ఫాల్, పీకో మా దగ్గరే, రెండు రోజుల్లో ఇస్తాం. ఫొటోలు కావాలంటే పట్టు అని రాయండి. ఇకపై మెసేజీలు వద్దనుకుంటే వద్దు అని రాయండి, ఆపేస్తాం.'

ముందే ఇరవై ఫొటోలు గుమ్మరించకపోవడానికి కారణం ఉంది. ఇరవై ఫొటోలు వచ్చి పడితే చాట్‌ను మ్యూట్ చేస్తారు, లేదా బ్లాక్ చేస్తారు. బ్లాకులు, ఫిర్యాదులు పెరిగితే ఖాతాకే ముప్పు. 'పట్టు' అని రాసినవాళ్లు నిజంగా కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు, మీ సమయం వాళ్ల మీద పెట్టండి. 'వద్దు' అన్నవాళ్లను అదే రోజు లిస్టు నుంచి తీసి షీట్‌లో గుర్తు పెట్టండి. ఇక తేదీ సంగతి. వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు పంపితే ఆలస్యమైనట్టే, అప్పటికి దర్జీలు కొత్త బ్లౌజులు తీసుకోవడం మానేస్తారు. మూడు నాలుగు వారాల ముందు పంపాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు బతుకమ్మ, దసరా చీరలైతే ఇంకా ముందే, కొరియర్ ప్రయాణం కూడా లెక్కలో వేసుకుని. నెలకు రెండు బ్రాడ్‌కాస్టులు మించకుండా ఉంటే మంచిది. మిగతా రోజుల్లో స్టేటస్ ఉంది, చూడాలనుకున్నవాళ్లే చూస్తారు.

వేల మందికి ఒక్క క్లిక్‌తో పంపే బల్క్ సెండర్లు, కంప్యూటర్ బ్రౌజర్‌కు తగిలించే ఎక్స్‌టెన్షన్లు, మార్పులు చేసిన నకిలీ వాట్సాప్‌లు, కొనుక్కున్న నంబర్ల జాబితాలు, వీటి జోలికి వెళ్లకండి. ఇవన్నీ వాట్సాప్ నియమాలకు విరుద్ధం. నంబరు నిషేధానికి గురైతే బోర్డు మీద, కవర్ల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చేసిన ఆ నంబరే వాట్సాప్‌లో పనికిరాకుండా పోతుంది.

బయటి జనాన్ని లోపలికి తేవడం

ఒకేసారి ఐదు చోట్ల ఖాతాలు తెరవొద్దు. మొదట గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లో, మ్యాప్స్‌లో వెతికినవాళ్లకు కనిపించే మీ దుకాణం వివరాలు. 'దగ్గర్లో చీరల షాపు' అని వెతికేవాళ్లు కొనడానికే బయల్దేరినవాళ్లు, వాళ్లకు కనిపించడం కన్నా లాభసాటి ప్రచారం లేదు, అదీ ఉచితంగా. ధ్రువీకరణకు చాలాసార్లు వీడియో అడుగుతుంది. వీధి, బోర్డు, షట్టర్ తీయడం, లోపల స్టాకు, కౌంటర్, అన్నీ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. దుకాణం పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. పేరు చివర 'బెస్ట్ పట్టు చీరలు గుంటూరు' అని తగిలిస్తే ప్రొఫైల్‌ను నిలిపేయవచ్చు. మంచి రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం కూడా గూగుల్ నియమాలకు విరుద్ధమే. ఉగాది, సంక్రాంతి రోజుల్లో వేళలు మారితే 'ప్రత్యేక వేళలు' నింపండి. మూసి ఉన్న షాపు దాకా వచ్చి వెనుదిరిగినవాళ్లు రాసే రివ్యూ చాలాకాలం వెంటాడుతుంది.

తర్వాత ఇన్‌స్టాగ్రామ్. ఖాతాను ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే ఇన్‌సైట్స్ వస్తాయి, మీ ఫాలోవర్లు ఏ వేళల్లో ఉంటున్నారో అక్కడే చూడవచ్చు. బిజినెస్ రకం ఎంచుకుంటే సినిమా పాటలు చాలావరకు వాడుకోలేరు, ఇది చాలామందికి ఖాతా మార్చాకే తెలుస్తుంది. చీరకు పాట కన్నా మీ గొంతే మేలు. బోర్డర్ దగ్గరగా చూపిస్తూ, కొంగు తిప్పి చూపిస్తూ, నూలు ఏమిటో, జరీ ఏమిటో, ధర ఎంతో చెప్పండి. వీడియో నిలువుగా, 1080 బై 1920లో ఉండాలి. కోడ్, ధర తెర మధ్యలో రాయండి, అడుగున రాస్తే క్యాప్షనూ బటన్లూ కప్పేస్తాయి. ట్యూబులైటు కింద తీస్తే మెరూన్ ఎరుపై, నెమలిపింఛం నీలమై కనిపిస్తుంది. చీర చేరాక 'రంగు వేరే ఉంది' అన్న గొడవకు మూలం ఇదే. పగటి వెలుతురులో, నేరుగా ఎండ పడని చోట తీయండి. వీడియో మీద తెలుగు రాస్తే ఒత్తులు విడిపోకుండా ఉన్నాయో లేదో చూసుకున్నాకే పెట్టండి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో 'పట్టు' కాస్తా ముక్కలై కనిపిస్తుంది.

'ధరకు మెసేజ్ చేయండి' అన్న అలవాటు మానేయడం మంచిదని మా గట్టి అభిప్రాయం. ధర దాచితే మెసేజీలు పెరుగుతాయి గానీ కొనేవాళ్లు పెరగరు. రెండు వేలలో చీర వెతికేవాళ్లకు పన్నెండు వేల చీర ధర చెప్పడానికి రోజంతా సరిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్ బయోలో పట్టేవి 150 అక్షరాలే. ఏం అమ్ముతారు, ఎక్కడ, కొరియర్ ఉందా లేదా, ఈ మూడూ రాసి, కింద వాట్సాప్ లింక్ పెట్టండి. యాప్ ఇచ్చే షార్ట్ లింక్, క్యూఆర్ బాగానే పనిచేస్తాయి గానీ వాటిని రీసెట్ చేస్తే అప్పటిదాకా అచ్చేసినవన్నీ చచ్చిపోతాయి. వాటికి బదులు లింక్‌ను చేత్తో రాసుకోవడం మేలు. డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, తర్వాత ప్లస్ లేకుండా 91తో కలిపి మీ నంబరు. దాని చివర ప్రశ్నార్థకం, 'టెక్స్ట్', సమానం గుర్తు పెట్టి ముందే నింపిన మాట జోడించవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ లింక్‌లో 'ఇన్‌స్టాలో చూశాను' అని, కౌంటర్ క్యూఆర్‌లో 'షాపులో కొన్నాను' అని, గూగుల్ ప్రొఫైల్ లింక్‌లో మరొకటి పెట్టండి. మెసేజీ రాగానే ఎక్కడినుంచి వచ్చారో తెలిసిపోతుంది, షీట్‌లో ఆ గడి అడగకుండానే నిండుతుంది. అచ్చుకు ఇచ్చే ముందు వేరే రెండు ఫోన్ల నుంచి నొక్కి చూడండి.

ప్రకటనల మాటకొస్తే, ముందు ఉచితంగా నెల నడిపి, ఏ రీల్‌కు మెసేజీలు వచ్చాయో చూసి, దానికే డబ్బు పెట్టండి. లక్ష్యంగా 'మెసేజీలు' ఎంచుకుని వాట్సాప్‌కు కలపండి. ప్రొఫైల్ చూడటానికి డబ్బు పెడితే చూసి వెళ్లిపోతారు. రోజుకు 200 చొప్పున ఐదు రోజులంటే 1,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,180. ఉదాహరణకు దానికి 20 మెసేజీలు వచ్చి ముగ్గురు కొన్నారనుకోండి, ఒక్కో బేరానికి 393 పడింది. చీర మీద మిగిలేది 350 అయితే ఈ ప్రకటనలో నష్టమే. ఆ ముగ్గురిలో ఒకరు దసరాకు మళ్లీ కొంటే లెక్క తిరగబడుతుంది. అది తెలియాలంటే వాళ్ల పేర్లు షీట్‌లో ఉండాలి. రాత్రిళ్లు జవాబివ్వలేనివాళ్లు ప్రకటనకు రాత్రి వేళలు వద్దనుకోవచ్చు, లేదా మీరు లేని వేళల్లో దానంతటదే వెళ్లే 'అవే మెసేజ్'లో 'పొద్దున 10 గంటలకు ఫొటోలు పంపుతాం' అని రాసి, ఆ మాట నిలబెట్టుకోవచ్చు.

ఎప్పుడు డబ్బు పెట్టాలి

ముగ్గురు నలుగురు సిబ్బంది ఒకే కస్టమర్‌కు తలో జవాబు ఇస్తున్నా, షీట్ నింపడం ఎవరి పనో తేలకపోయినా ఈ జోడీని దాటే సమయం వచ్చినట్టు. అప్పుడు చూడాల్సింది చిన్న వ్యాపారాల కోసం జోహో సంస్థ చేసిన బిగిన్ అనే సాఫ్ట్‌వేర్. ఎవరి బేరం ఏ దశలో ఉందో వరసలుగా చూపిస్తుంది, తేదీతో పని గుర్తుచేస్తుంది. పైన చెప్పిన వాట్సాప్ లేబుళ్ల లోటును తీర్చేది సరిగ్గా అదే. ఒక్కరు వాడుకునేలా ఉచిత ప్లాన్ ఉంది, మొదట దానిలో యాభై మంది కస్టమర్లను పెట్టి చూడండి. అదే సంస్థ పెద్ద సాఫ్ట్‌వేర్ జోహో సీఆర్ఎం కూడా ముగ్గురి దాకా ఉచితమే గానీ చీరల దుకాణానికి అందులో గడులు మరీ ఎక్కువ, నింపేవాళ్లకు విసుగొస్తుంది.

వేల మందికి అధికారికంగా పంపాలంటే వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్ తీసుకోవాలి, ఇది ఉచిత యాప్ కాదు, డబ్బు కట్టి వాడే వేరే సేవ. మెసేజీ నమూనాకు ముందే ఆమోదం ఉండాలి, 2025 జులై 1 నుంచి నమూనా మెసేజీలకు ఒక్కోదానికి లెక్కకట్టి రుసుము తీసుకుంటున్నారు. మధ్యలో ఉన్న ఏజెన్సీ నెల రుసుము దానికి అదనం. ఒప్పందానికి ముందు వాట్సాప్ యజమాని మెటా తీసుకునేది ఎంత, ఏజెన్సీ కలిపేది ఎంత విడివిడిగా రాయించుకోండి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఏడాది చందా కట్టే ముందు పదిమంది కస్టమర్లను ఎక్కించి, వెంటనే ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలును గూగుల్ షీట్స్‌లో తెరవండి. తెలుగు పేర్లు సరిగ్గా కనిపించాలి, నంబర్ల ముందు +91 ఉండాలి, మీరు రాసిన నోట్స్ కూడా రావాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా చందా కట్టకండి.